కాపు మీదున్న చెట్టు

1997–98 కాపులో ఫ్లోరిడా 24 కోట్ల 40 లక్షల పెట్టెల నారింజ కోసింది. పెట్టె అంటే 40 కిలోల పైమాటే. ఆ నేల అంతకుముందు అంత పంట చూడలేదు, ఆ తర్వాత మళ్లీ చూడనూ లేదు. ఆ కోతలు ముగిసీ ముగియకముందే, 1998 జూన్‌లో, అట్లాంటిక్ తీరాన డెల్రే బీచ్ అనే ఊళ్లో ఓ పెరటి కంచె మీద చిన్న పురుగొకటి కనపడింది. మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడుగు, గోధుమ రంగు మచ్చల రెక్కలు. పట్టుకున్నవాళ్లు దాన్ని గుర్తుపట్టారు. పేరు రాసుకున్నారు. ఆసియా సిల్లా పురుగు.

2024–25లో అదే నేల కోసింది 1 కోటి 20 లక్షల పెట్టెలు. ఇరవై పెట్టెలకు ఒక్కటి మిగిలింది. నడుమ గడిచినవి ఇరవై ఏడేళ్లు. అంత కాలంలో ఒక తోట నాటవచ్చు, పెంచవచ్చు, కాపు తినవచ్చు, కొడుకు చేతికి అప్పగించవచ్చు. ఈ తోటలకు ఆ ఇరవై ఏడేళ్లూ చావడానికే సరిపోయాయి.

పోయిందేమిటో ముందు చెప్పుకోవాలి. ఆ నారింజ మనకు పరాయిది కాదు. జ్యూస్ కోసం అక్కడ వేసే హామ్లిన్, వెలెన్షియా రకాలు మన బత్తాయి జాతివే, రాయలసీమ చీనీకి అన్నదమ్ములే. స్పానిష్ వాళ్ల ఓడల్లో ఆ గింజలు ఫ్లోరిడా చేరి నాలుగు వందల ఏళ్లు దాటింది. మధ్య ఫ్లోరిడాలో లేక్ వేల్స్ రిడ్జ్ అని పొడవాటి ఇసుక మిట్ట ఉంది. నీరు నిలవని నేల. మరే పంటకూ ఆనని ఆ ఇసుకలో నారింజ మాత్రం వేరు తన్ని నిలబడింది. మార్చి వచ్చిందంటే పూత. తోటల నడుమ నుంచి పోయే రోడ్ల మీద కారు అద్దం దించితే చాలు, మైళ్ల తరబడి ఆ వాసన వెంట వచ్చేది. ఆ పువ్వును 1909లో రాష్ట్ర పుష్పం చేసుకున్నారు. 1967లో ఆ రసాన్ని రాష్ట్ర పానీయం చేసుకున్నారు. కార్ల నంబరు పలకల మీద ఆ పండు బొమ్మ వేసుకున్నారు. క్లెర్మాంట్‌లో 1956లో సిట్రస్ టవర్ అని ఒక గోపురం కట్టారు. డబ్బిచ్చి పైకెక్కిన వాళ్లకు అక్కడ చూపించేది ఒక్కటే: కనుచూపు ఆనినంత మేర నారింజ చెట్లు.

ఆ రైతులకు కష్టం కొత్త కాదు. 1894 డిసెంబరులో ఒకసారి, 1895 ఫిబ్రవరిలో ఇంకోసారి మంచు గడ్డకట్టి ఉత్తరాది తోటల్ని మొదళ్ల దాకా చంపింది. మొదటి దెబ్బకు ఆకు రాల్చిన చెట్లు నడుమ వచ్చిన వెచ్చదనాన్ని నమ్మి చిగురించాయి. రెండో దెబ్బ ఆ చిగుళ్ల మీద పడింది. మళ్లీ నాటారు. 1983లో, 1985లో, 1989లో మంచు మళ్లీ వచ్చింది. చలి రాత్రుళ్లు మొదళ్ల మీద నీళ్లు చిమ్మి, ఆ నీటిని గడ్డకట్టనిచ్చి, ఆ మంచు తొడుగులోనే మానుకు ప్రాణం నిలిపే విద్య నేర్చుకున్నారు. అయినా క్లెర్మాంట్ చుట్టూ తోటలు నిలవలేదు. గోపురం ఎక్కితే ఇప్పుడు కనిపించేవి ఇళ్ల కప్పులు.

మంచు క్రూరమైనదే. కానీ దానిలో దొంగతనం లేదు. రాత్రి వచ్చేది, తెల్లారేసరికి ఏం పోయిందో రైతుకు తెలిసిపోయేది. ఏడ్చి, లెక్క చూసుకుని, ఏం చెయ్యాలో ఆలోచించుకునే వీలుండేది. అలా ఆలోచించే చాలామంది దక్షిణానికి జరిగారు. హెండ్రీ, కోలియర్ కౌంటీలలో వేల ఎకరాలు ఒక్క పట్టీగా నాటారు. చలికి వెరచి చేరిన ఆ వెచ్చని చోటే, ఏడాది పొడుగునా చిగురు వెతుక్కునే పురుగుకు అనువైన చోటని ఆ రోజున ఎవరికి తోస్తుంది?

సిల్లా బతుకంతా చిగురులోనే. ఇంకా విచ్చుకోని ఆకు మడతల్లో బాదం గింజ ఆకారంలో పసుపు గుడ్లు పెడుతుంది. ఒక్క ఆడపురుగు వందల కొద్దీ పెడుతుంది. పిల్లలు లేత కాడను పట్టుకుని రసం పీలుస్తూ, తెల్లటి మైనపు పోగులు విసర్జిస్తుంటాయి. చిగురు మెలితిరిగి ముడుచుకుపోతుంది. పెద్ద పురుగు ఆకు మీద వాలేటప్పుడు తల కిందికి వంచి, వెనక భాగం పైకెత్తి, ముల్లు గుచ్చినట్టు ఏటవాలుగా నిలబడుతుంది. అనంతపురం చీనీ రైతుకు ఇది కళ్లు మూసుకున్నా కనపడే దృశ్యం. మన దేశంలో ఈ పురుగు సంగతి 1920ల నాటికే పుస్తకాలకెక్కింది. 1960ల్లో మన శాస్త్రవేత్తలు, డైబ్యాక్ అని పిలుచుకుంటున్న ఎండుతెగులు వెనక గ్రీనింగ్ రోగం ఉందనీ, దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోసేది ఈ పురుగేననీ తేల్చారు. చైనాలో, దక్షిణాఫ్రికాలో కూడా అప్పటికి ఈ రోగం సంగతి తెలిసిపోయింది. కాబట్టి 1998లో ఫ్లోరిడా చేతికి చిక్కింది ఎవరికీ తెలియని పురుగు కాదు. దాని జాతకం అప్పటికే రాసి ఉంది.

రోగాన్ని అడ్డుకునే మొదటి తలుపు అక్కడ తెరుచుకుంది, అక్కడే మూసుకుంది. అప్పటికి పురుగు ఉంది, రోగం కనపడలేదు. పురుగు నివసించేది నారింజ మీద మాత్రమే కాదు. మురయా అనే తెల్లపూల అలంకార మొక్కంటే దానికి ప్రాణం. దక్షిణ ఫ్లోరిడాలో ఇళ్ల కంచెలకు పెంచేది ఆ మొక్కనే. నర్సరీల్లో పెరిగిన మురయా కుండీలు లారీలెక్కి రాష్ట్రమంతటా తోట సామాన్ల దుకాణాలకు చేరాయి. ఆకుల కింద పురుగులూ చేరాయి. నాలుగైదేళ్లలో సిల్లా లేని నారింజ కౌంటీ లేకుండా పోయింది. రెక్కలతో అది పోగలిగిన దూరం కొంత. మనిషి మోసుకెళ్లిన దూరం ఎక్కువ. (మురయాకు దగ్గరి చుట్టం మన కరివేపాకు. పరీక్షల్లో కరివేపాకు ఆ బ్యాక్టీరియాకు ఇల్లు కాదని తేలినా, పురుగును మాత్రం పోషిస్తుంది. ఆర్లండో, టాంపాల్లో ఉన్న మనవాళ్లు పెరటి కరివేపాకు మొక్కను తమ ఇష్టానికి పక్క రాష్ట్రపు చుట్టాలకు పంపలేకపోవడం వెనక ఉన్నది ఈ కథే.)

ఆ కుండీల లారీలను ఆ రెండు మూడేళ్లు ఆపి ఉంటే? రోగం రాకపోయేదని చెప్పలేం. ఆలస్యంగా వచ్చేది. ఇలాంటి కథల్లో ఆలస్యం చిన్న వరం కాదు.

కానీ అప్పుడు ఫ్లోరిడా కళ్లన్నీ వేరే తెగులు మీద ఉన్నాయి. 1995లో మయామీ దగ్గర గజ్జి తెగులు పొడచూపింది. అది కాయను మచ్చలు చేస్తుంది, ఆకు రాలుస్తుంది. చెట్టును చంపడం మాత్రం అరుదు. దాన్ని వేళ్లతో పెకలించాలని ప్రభుత్వం గొడ్డలి ఎత్తింది. తెగులు సోకిన చెట్టు చుట్టూ 1,900 అడుగుల లోపు ఉన్న ప్రతి సిట్రస్ చెట్టూ, ఆరోగ్యంగా ఉన్నా సరే, కొట్టెయ్యాలన్నారు. రంపాలు పట్టుకుని పెరళ్లలోకి వచ్చారు. తాత నాటిన చెట్టు ముందు జనం అడ్డం నిలబడ్డారు, కోర్టులకెక్కారు. కోటికి పైగా చెట్లు కూలాయి. 2004లో చార్లీ, ఫ్రాన్సిస్, జీన్ తుపానులు ఒకదాని వెనక ఒకటి తోటల మీదుగా నడిచి ఆ గజ్జిని గాలిలో చల్లాయి. 2005 అక్టోబరులో విల్మా వచ్చి మిగతాది పూర్తి చేసింది. 2006 జనవరిలో ఇక కొట్టి లాభం లేదని రంపాలు దించేశారు.

గ్రీనింగ్ బయటపడింది సరిగ్గా ఈ నడుమనే. 2005 ఆగస్టులో, రాష్ట్రం దక్షిణపు కొసన, మయామీ కింది ప్రాంతంలో. చంపని తెగులు కోసం కోటి చెట్లు నరికి, డబ్బు, ఓపిక, జనం నమ్మకం అన్నీ ఖర్చు పెట్టుకుని కూర్చున్న వేళ, చంపే తెగులు వచ్చి గుమ్మంలో నిలబడింది. మళ్లీ నరకండి అనే నోరు ఎవరికీ లేకపోయింది. నర్సరీ మొక్కల్ని వల గుడారాల్లోకి మార్చాలని నియమం పెట్టారు. అది మంచి పనే. తోటల్లో ఉన్న రోగపు చెట్టు సంగతి మాత్రం రైతు విచక్షణకు వదిలేశారు.

రైతు విచక్షణ. ఈ కథ మొత్తంలో గుండె పట్టేసే చోటిది.

ఆ రోగం చెట్టు లోపల ఏం చేస్తుందో చూడండి. బ్యాక్టీరియా ఆకులో వండిన ఆహారం కిందికి దిగే నాళాల్లో చేరుతుంది. దాన్ని విడదీసి ప్రయోగశాలలో పెంచడం ఇప్పటికీ చేతకాలేదు. చెట్టు తన నాళాల్ని తానే పూడ్చుకుంటుంది. ఆకు నిండా పిండి పదార్థం పేరుకుంటుంది, వేరు పస్తు ఉంటుంది. ఆకు మీద మచ్చ కనపడే నాటికే పీచువేళ్లలో మూడో వంతు, ఒక్కోసారి సగం దాకా పోయి ఉంటాయని లేక్ ఆల్‌ఫ్రెడ్ పరిశోధన కేంద్రం వాళ్లు తర్వాత కనుక్కున్నారు. అంటే రైతు పచ్చగా చూసుకుని మురిసిన చెట్టు అప్పటికే నెలలుగా, ఒక్కోసారి ఏళ్లుగా లోలోపల ఆకలితో ఉంది. ఆ మురిసిన నెలలన్నీ పురుగు దాని చిగురు తాగి పక్క చెట్టు మీద వాలుతూనే ఉంది.

పైకి కనపడేటప్పుడు కూడా రోగం మారువేషంలోనే వస్తుంది. ఆకు పసుపు మచ్చలు పడితే నారింజ రైతు ఎవరైనా మొదట అనుకునేది ధాతులోపం. జింకు తగ్గిందేమో, మాంగనీసు తగ్గిందేమో. దానికో చిన్న పరీక్ష ఉంది. ఆకు నడిమి ఈనెకు అటొకటి ఇటొకటి, సరిగ్గా ఎదురెదురుగా పెన్నుతో రెండు సున్నాలు చుట్టాలి. జింకు లోపమైతే రెండు సున్నాల్లోనూ రంగు ఒకే తీరుగా ఉంటుంది. గ్రీనింగ్ అయితే ఒకటి పచ్చగా, ఒకటి పసుపుగా, పొత్తు లేకుండా ఉంటాయి. తోట కాపలాకు పెట్టిన మనుషులు ట్రాక్టర్ల మీద నిలబడి చెట్టు తర్వాత చెట్టు చూసుకుంటూ ఇలాంటి ఆకుల కోసమే వెతికారు. దొరికిన చెట్టుకు రంగు రిబ్బను కట్టారు. రిబ్బను కట్టిన చెట్టును పెకలించాలి.

మొదట్లో పెకలించారు కూడా. వంద చెట్లలో ఒకటి. మరుసటి ఏడు నాలుగు. ఆపై ఏడు పదిహేను. తుపానుల దెబ్బకు సరుకు తగ్గి జ్యూస్ ధర ఎక్కిన ఏళ్లవి. రిబ్బను కట్టిన చెట్టు మీద ఇంకా కాయ వేలాడుతోంది. ఒక కొమ్మే పసుపు, మిగతా చెట్టంతా నల్లటి పచ్చ. కాపు మీదున్న చెట్టును ఏ రైతు కొడతాడు? ఈ కాపు కోసుకుని కొడదాం అనుకున్న వాణ్ణి తప్పు పట్టే మనసు ఎవరికి వస్తుంది?

అదే సమయంలో నైరుతి ఫ్లోరిడాలో ఒక రైతు చెట్లు కొట్టడం మానేసి మేత పెట్టడం మొదలుపెట్టాడు. వేరు తినలేకపోతే ఆకు మీదుగా తినిపిద్దాం అన్నాడు. జింకు, మాంగనీసు, బోరాన్, ఫాస్ఫైట్, ఇంకా కొన్ని కలిపి పిచికారీ చేశాడు. చెట్లు మళ్లీ పచ్చబడ్డాయి. ఆ మాట గాలికంటే వేగంగా తోట నుంచి తోటకు పాకింది. బళ్లు కట్టుకుని చూడ్డానికి వెళ్లారు. శాస్త్రవేత్తలు మాత్రం పచ్చదనం వచ్చిందే కానీ బ్యాక్టీరియా పోలేదన్నారు. మందు కొట్టిన చెట్టుకూ కొట్టని చెట్టుకూ రోగంలో తేడా లేదని కొన్ని ప్రయోగాలు చూపించాయి. కానీ కొట్టెయ్యమనే మాటకూ బతికించుకోమనే మాటకూ మధ్య ఎంచుకోమంటే, తోట కళ్ల ముందున్నవాడు ఏది వింటాడో తెలిసిందే. ఆ మేత వల్ల చాలా కుటుంబాలు ఇంకొన్ని కాపులు తిన్నాయి. ఆ మేరకు అది వృథా కాదు. అయితే లక్షణాలు మరుగుపడిన రోగపు చెట్లు, రిబ్బను లేకుండా, పచ్చగా, తోటల నిండా నిలబడిపోయాయి. సిల్లాకు అంతకంటే ఏం కావాలి? నా మటుకు నాకు ఈ పతనంలో తట్టుకోలేని సంగతి ఇదే: ఆ చెట్లు నిర్లక్ష్యం వల్ల పోలేదు. కనికరమే వాటి మీదికి తెగులును మోసుకొచ్చింది.

బ్రెజిల్‌లో సావో పాలోకు ఈ రోగం ఫ్లోరిడా కంటే ఒక ఏడు ముందే, 2004లో వచ్చింది. అక్కడ రోగపు చెట్టు పెకలించాలని చట్టం చేశారు. పెద్ద ఎస్టేట్లు ఆ పని నిర్దయగా చేశాయి. చాలా ఏళ్లు నిలబడ్డాయి. అక్కడా ఇప్పుడు రోగం పెరుగుతోంది కనుక వాళ్లు గెలిచారని అనలేం. కొనుక్కున్నది కాలం. ఫ్లోరిడా ఆ కాలాన్ని కొనలేకపోయింది. అక్కడ తోటలు చిన్నవీ పెద్దవీ కలిసిపోయి ఉంటాయి, గట్టు అవతల ఇంకొకరిది. ఇరుగుపొరుగు కలిసి ఒకే సమయంలో మందు కొడితే తప్ప పురుగు ఆగదని 2010లో అమెరికా జాతీయ పరిశోధన మండలి నివేదిక చెప్పింది. ఆ లెక్కన ప్రాంతాల వారీ కూటములు కట్టారు. కొన్ని చోట్ల బాగా సాగాయి. కానీ ఒకరు కొడితే ఒకరు కొట్టరు. ఇంకొకరు ఇళ్ల కంపెనీ బేరానికి వస్తుందని తోటను వదిలేశారు. వదిలేసిన ఆ తోట చిగురు వేస్తూనే ఉంటుంది.

ఆపై వాన, గాలి. రోగపు చెట్టు కాయను పట్టి ఉంచలేదు. కాయ చిన్నదవుతుంది, ఒక వైపు వంకర పోతుంది, అడుగున పచ్చగానే ఉండిపోతుంది, రసం చేదెక్కుతుంది. పండక ముందే రాలుతుంది. అలాంటి చెట్ల మీదికి 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను వచ్చింది. కోతకు నెలల ముందే రాలిన కాయలు నీళ్లలో తేలాయి. వేళ్లు నీళ్లలో నానాయి. ఆ కాపు నాలుగున్నర కోట్ల పెట్టెలకు పడిపోయింది. 2022 సెప్టెంబరు 28న ఇయన్ వచ్చింది. అంతకుముందు ఏడు 4 కోట్లు దాటిన పంట 1 కోటి 58 లక్షలకు దిగింది. 2024 అక్టోబరులో మిల్టన్. పాతకాలపు చెట్టయితే తుపాను తర్వాత ఒక ఏడు అలిగి మళ్లీ కాసేది. పీచువేళ్లు లేని చెట్టుకు అలిగే శక్తి కూడా లేదు. 2004లో రాష్ట్రంలో ఏడున్నర లక్షల ఎకరాల సిట్రస్ ఉండేది. 2024 లెక్కలో 2 లక్షల 75 వేల ఎకరాలు. 2025 జనవరిలో ఆలికో, అమెరికాలోని అతి పెద్ద నారింజ సాగు కంపెనీల్లో ఒకటి, ఇక సిట్రస్ చేయబోమని ప్రకటించింది. ప్యాకింగ్ షెడ్లు మూతపడ్డ ఊళ్లలో ఆ వార్త ఎవరికీ ఆశ్చర్యం కలిగించలేదు.

ఇప్పటికీ వదలనివాళ్లున్నారు. వియత్నాంలో జామ చెట్ల నడుమ నాటిన నారింజకు పురుగు తక్కువని విని జామలు నాటి చూశారు. సిల్లా పిల్లల్ని తినే కందిరీగను తెచ్చి వదిలారు. చెట్లకు గుడారాలు కప్పి ఆవిరి పట్టారు. ఇసుక నేలకు తగ్గట్టు ఎరువును ఒకేసారి గుమ్మరించకుండా కొంచెం కొంచెంగా, ఏడాది పొడుగునా ఇవ్వడం నేర్చుకున్నారు. క్షారం ఎక్కువున్న నీటిలో ఆమ్లం కలిపి మిగిలిన వేళ్లను కాపాడుకున్నారు. 2022 చివర నుంచి చెట్టు మానుకు రంధ్రం చేసి ఆక్సీటెట్రాసైక్లిన్ ఎక్కిస్తున్నారు. కొన్ని తోటల్లో కాయ నిలుస్తోంది, రసంలో తీపి పెరుగుతోంది. షుగర్ బెల్ లాంటి కమలా రకాలు రోగంతోనే సర్దుకుని బతుకుతున్నాయి.

కొత్తగా నాటేవాళ్లు ప్రతి మొక్కకూ తెల్లటి వల సంచి తొడుగుతున్నారు. రెండేళ్ల పాటు పురుగు ముట్టకుండా మొక్క అందులో పెరుగుతుంది. తల సంచికి ఆనాక విప్పక తప్పదు. విప్పిన కొన్ని నెలలకు సిల్లా వాలుతుందని రైతుకు తెలుసు. చెట్టుకు సూది ఎప్పుడు వెయ్యాలి, ఎన్నేళ్లు వెయ్యాలి, ఆ ఖర్చుకు కాపు గిట్టుతుందా అన్న లెక్క మొక్క నాటక ముందే వేసుకుంటున్నాడు.